బావగారి కారుకు మీ సంతకం

ప్రశ్న

పలాస–కాశీబుగ్గ ప్రాంతంలో జీడి పరిశ్రమ నడుపుతున్న 38 ఏళ్ల పాఠకుడొకరు పేరు ప్రచురించవద్దని కోరుతూ దీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆఫ్రికా నుంచి జీడిపిక్కలు తెప్పించుకుంటారు కాబట్టి ఆయన సంస్థకు దిగుమతి–ఎగుమతి కోడ్, అంటే ఐఈసీ, ఉంది. ఆయన పెద్దక్క భర్త చాలా ఏళ్లుగా మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్నారు. వచ్చే వేసవికి అక్కడి కొలువు ముగించుకుని సోంపేట దగ్గరి సొంతూరికి శాశ్వతంగా వచ్చేస్తున్నారు. వస్తూ వస్తూ తాను 2021లో అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెద్ద ఎస్‌యూవీని కూడా తెచ్చుకోవాలని ఆయన కోరిక. ఆ బండి తయారైంది 2019లో.

ఎవరో తెలిసినవారి ద్వారా ముంబయిలో ఒక ఏజెంటు పరిచయమయ్యాడు. కారును ముందు దుబాయ్‌కి పంపి, అక్కడి యార్డులో స్టీరింగు కుడివైపునకు మార్పించి, అసలు విలువలో మూడో వంతుకు ఇన్‌వాయిస్ రాయించి, ఈ పాఠకుడి సంస్థ పేరు మీద దింపుదామని అతని సలహా. ‘సంస్థ పేరు మీదైతే కట్టిన జీఎస్టీ కూడా వెనక్కి వస్తుంది’ అని ఆశ చూపాడు. అక్క తన నగలు కుదువపెట్టి మూడు లక్షల రూపాయలు అడ్వాన్సు పంపించేశారు. ఏజెంటు అడిగిన మేరకు పాఠకుడు ఐఈసీ నకలు, సంతకం చేసిన ఖాళీ లెటర్‌హెడ్లు రెండు ఇచ్చారు. ఆథరైజేషన్ ఉత్తరం మీద సంతకం పెట్టే దగ్గర మాత్రం ఆయనకు చెయ్యి ఆడలేదు.

“ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో బ్యాంకు లోను రాక తిరుగుతుంటే, వడ్డీ మాట ఎత్తకుండా అయిదు లక్షలు సర్దిన మనిషి మా బావ. ఇప్పుడు ఆయన అడిగింది ఒక్క సంతకం. కాదంటే అక్క ముఖం ఎలా చూడాలి? ‘ఆడపిల్ల ఇంటి పనికి వెనకాడతావా’ అని అమ్మ నాలుగు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. అసలు ఈ కారు తేవడానికి ఏ కాగితాలు కావాలి, సవ్యమైన దారి ఏదైనా ఉందా, లేకపోతే బావకు ఏమని చెప్పాలి?” అని అడుగుతున్నారు.

సమాధానం

మీ ఉత్తరంలో రెండు విషయాలు కలగలిసిపోయాయి. ఒకటి బావగారికి మీరు తీర్చుకోవలసిన రుణం, రెండోది కారు దిగుమతి. ఈ రెండూ ఒకే ముడిగా కనిపించినంత కాలం మీకు దారి దొరకదు. కారు సంగతి ముందు తేల్చుకుందాం. అది తేలితే బావగారికి చెప్పవలసిన మాట చాలావరకు దానంతట అదే వస్తుంది.

ఏ కాగితాలు కావాలని అడిగారు. అయితే కాగితాల దాకా వెళ్లే అర్హత ఈ కారుకు ఉందా అన్నది ముందు చూడాలి. వాడిన వాహనాల దిగుమతికి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, అంటే డీజీఎఫ్‌టీ, పెట్టిన షరతుల్లో మొదటిది వయసు: తయారైన తేదీ నుంచి మూడేళ్లు దాటకూడదు. లెక్క తయారీ తేదీ నుంచే గాని, కొన్న తేదీ నుంచి కాదు. రెండోది, స్టీరింగూ ఇతర నియంత్రణలూ కుడివైపున ఉండాలి. స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపాలి, హెడ్‌లైట్ల వెలుగు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు తగినట్టు పడాలి. దిగుమతి అయ్యాక కనీసం అయిదేళ్లు రోడ్డు మీద నడిచే స్థితిలో ఉంటుందనీ, ఆ అయిదేళ్లూ ఇక్కడ సర్వీసు దొరుకుతుందనీ హామీ ఇవ్వాలి. దానికి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువపత్రం జత చేయాలి. వాడిన వాహనం ముంబయి పోర్టు గుండానే రావాలి. మీ జీడిపిక్కల కంటెయినర్లు విశాఖలో దిగుతాయి కదా అని ఈ కారును కూడా అక్కడ దింపించే వీలు లేదు.

ఈ షరతుల పక్కన బావగారి బండిని పెట్టి చూడండి. 2019లో తయారైంది కాబట్టి 2022లోనే దాని గడువు తీరిపోయింది. మస్కట్ బండి కాబట్టి లెఫ్ట్‌హ్యాండ్ డ్రైవ్. రెండు షరతుల దగ్గరా అది ఆగిపోతోంది, అందులో మొదటిదాన్ని ఏ యార్డూ మార్చలేదు. స్టీరింగు మార్చవచ్చు గాని పుట్టిన తేదీ మార్చలేరు. మార్చాలంటే కాగితం మీద మార్చాలి, దానికి పేరు ఫోర్జరీ. చాసిస్ నంబరు పట్టుకుని తయారీదారునే అడిగి అసలు తేదీ తెలుసుకునే అవకాశం కస్టమ్స్ వారికి ఉంది. ఏజెంటు ఈ వయసు షరతును మీకు చెప్పనే లేదంటే, అతనికి తెలియదని అనుకోవడం కంటే, ఆ పని కూడా ‘చూసుకుందాం’ అనుకున్నాడని అనుకోవడమే నయం.

స్టీరింగు మార్పిడి గురించి కూడా ఒక మాట. స్టీరింగు ఒక్కటే ఇటు నుంచి అటు జరిపితే సరిపోదు. డ్యాష్‌బోర్డు, పెడళ్లు, స్టీరింగు ర్యాక్, డ్రైవరు ఎయిర్‌బ్యాగు, వైపర్లు తుడిచే దిశ అన్నీ మారాలి. హెడ్‌లైట్లు మార్చకుండా వదిలేస్తే, కుడివైపు నడిచే దేశం కోసం తయారైన ఆ లైట్లు డిమ్‌లో కూడా కుడివైపునకే వెలుగు చిమ్ముతాయి. రాత్రిపూట పలాస నుంచి ఇచ్ఛాపురం వైపు వెళుతుంటే ఎదురుగా వచ్చే బైకువాడి కళ్లలో పడేది ఆ వెలుగే. ప్రమాదంలో ఆ మార్చిన ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటుందో లేదో ఎవరూ హామీ ఇవ్వరు. అందులో కూర్చునేది మీ అక్క, పిల్లలు.

ఇప్పుడు మీ సంతకం సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే మీరు ‘ఒక్క సంతకం’ అని రాసిన చోట నాకు చాలా భయం వేసింది. దిగుమతి సరుకు విడిపించడానికి దాఖలు చేసే బిల్ ఆఫ్ ఎంట్రీలో ఉన్నదంతా నిజమని దిగుమతిదారు ప్రకటించాలని కస్టమ్స్ చట్టం 46వ సెక్షన్ చెబుతుంది. ఆ బిల్లు మీద మీ ఐఈసీ ఉంటే దిగుమతిదారు మీరే. నడిపేది బావగారు, డబ్బు అక్కది, కాగితాలు ఏజెంటువి అన్న సమాధానం మిమ్మల్ని కాపాడదు. కారు జప్తు కావచ్చు. తెలిసి తప్పుడు ప్రకటన మీద సంతకం చేసినందుకు 114ఏఏ సెక్షన్ కింద సరుకు విలువకు అయిదు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. ఎగవేత పెద్ద మొత్తమైతే 135వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు కూడా ఉంది. కారు బయటికి వచ్చేసింది కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. మోసంతో తగ్గించి కట్టిన సుంకాన్ని అయిదేళ్ల వెనక నుంచి కూడా వసూలు చేసే అధికారం వారికి ఉంది.

మూడో వంతు ఇన్‌వాయిస్ అధికారి ముందు నిలుస్తుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. వాడిన కారు విషయంలో చూపిన ధరను అలాగే ఒప్పుకోరు. ఆ మోడల్ కొత్తది ఎంత ధరకు అమ్ముడైందో చూసి, వయసును బట్టి తరుగు తీసి, ఓడ కిరాయి, బీమా కలిపి విలువ కడతారు. అలాంటి మోడల్‌కు మూడో వంతు ధర కనిపించగానే ఫైలు పక్కకు పెడతారు. 2025లో హైదరాబాద్‌కు చెందిన ఒక ఖరీదైన కార్ల వ్యాపారిని సుంకం ఎగవేతలపై నిఘా పెట్టే రెవెన్యూ ఇంటెలిజెన్స్ డైరెక్టరేట్, అంటే డీఆర్‌ఐ, అధికారులు అరెస్టు చేసిన కేసులో ప్రధాన ఆరోపణలు సరిగ్గా ఇవే: దారిలో దుబాయ్ వంటి చోట్ల స్టీరింగు మార్పించడం, విలువ తగ్గించి చూపడం. మీ ఏజెంటు చెబుతున్న దారి అధికారులకు కొత్తది కాదు.

జీఎస్టీ వెనక్కి వస్తుందన్న మాట కూడా అబద్ధమే. పదమూడు మందికి మించని సీట్లున్న ప్రయాణికుల వాహనం మీద కట్టిన పన్నుకు మీలాంటి తయారీ సంస్థకు క్రెడిట్ రాదని జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మీ అకౌంటెంటును ఒక్క ఫోనులో అడగండి.

వీటన్నిటికన్నా మీ వ్యాపారం సంగతే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. మీ సంస్థ పేరు మీద కారు దిగితే, ఆ బిల్ ఆఫ్ ఎంట్రీ మీ బ్యాంకులో దిగుమతులకూ వాటి చెల్లింపులకూ లెక్క సరిచూసే రిజర్వ్ బ్యాంకు వారి ఐడీపీఎంఎస్ వ్యవస్థలోకి చేరుతుంది. సరుకు వచ్చింది గాని మీ ఖాతా నుంచి విదేశానికి డబ్బు వెళ్లలేదు కాబట్టి ఆ పద్దు తెరిచే ఉండిపోతుంది. రేపు జీడిపిక్కల సరఫరాదారుకు డబ్బు పంపబోతే బ్యాంకు మేనేజరు ముందు దీని సంగతి అడుగుతాడు. ఇక కేసు అంటూ వస్తే ఐఈసీని నిలిపివేసే, రద్దు చేసే అధికారం 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం 8వ సెక్షన్ కింద డీజీఎఫ్‌టీకి ఉంది. కోడ్ ఆగిపోయిన రోజున మీ కంటెయినరు పోర్టులోనే ఉందనుకోండి. సరుకు పోర్టులో ఆగినందుకు కట్టే రుసుము, అంటే డెమరేజీ, ఒక పక్క పెరుగుతుంటే, ఆ ఉక్కలో పిక్కలకు తేమ పట్టి బూజు వస్తుంటే, ఇక్కడ బాయిలరు చల్లారిపోయి, పప్పు వలిచే ఆడవాళ్లు పని లేదని ఇంటికి వెళ్లిపోతారు. మీ బావగారు అయిదు లక్షలు సర్దింది ఆ ఫ్యాక్టరీ నిలబడడానికి కదా.

సవ్యమైన దారి ఉందా అన్నారు. ఉంది, కాని ఈ కారుకు లేదు. విదేశాల్లో వరుసగా రెండేళ్లు ఉండి శాశ్వతంగా తిరిగి వచ్చే వ్యక్తి, కనీసం ఏడాదిగా తన ఆధీనంలో ఉన్న కారును పూర్తి సుంకం కట్టి తెచ్చుకునే వీలు మన విధానంలో ఉంది. దానికి మీ ఐఈసీ అవసరమే లేదు. వ్యాపారానికి సంబంధం లేకుండా సొంత వాడకానికి తెచ్చుకునేవారికి ఐఈసీ నుంచి మినహాయింపు ఉంది. అంటే బావగారు సవ్యంగా తెచ్చుకునేట్లయితే మీ పేరే అక్కర్లేదు. మరి ఏజెంటు మీ పేరు ఎందుకు కోరుకున్నాడు? రేపు అధికారులు వచ్చినప్పుడు దొరికే పేరు తనది కాకుండా ఉండాలనే. ఈ ఒక్క ప్రశ్న బావగారి ముందు పెట్టి చూడండి.

పూర్తి సుంకం అంటే ఎంతో కూడా ఆయనకు తెలియాలి. ‘నివాసం మార్చుకుని వచ్చేవారికి ఇచ్చే ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ రాయితీ కింద సామానుతో పాటు వచ్చేస్తుంది’ అని గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామంది నమ్ముతారు. కాని కస్టమ్స్ చట్టంలో బ్యాగేజీ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే మోటారు వాహనాలు రావని రాసి ఉంది. ఫ్రిజ్జుకు, టీవీకి దొరికే రాయితీ కారుకు దొరకదు. 2025 బడ్జెట్‌లో వాడిన కార్ల మీద మూల సుంకం 125 శాతం నుంచి 70 శాతానికి తగ్గిందని ఎవరైనా చూపిస్తే అది సగం నిజమే. దానిపైన 67.5 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు చేరింది, మొత్తం భారం 137.5 శాతం దగ్గరే నిలిచింది. ఆపైన పెద్ద కార్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ. కస్టమ్స్ వారు 20 లక్షలని విలువ కట్టిన కారుకు 27.5 లక్షల సుంకం. ఈ రెండూ కలిసిన 47.5 లక్షల మీద 19 లక్షల జీఎస్టీ. ఇంటికి చేరకముందే 66.5 లక్షలు. ముంబయి నుంచి ట్రెయిలరు కిరాయి, మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ వేరే.

బావగారికి అంత స్తోమత, కోరిక ఉండి, జపాన్ నుంచో సింగపూర్ నుంచో మూడేళ్లలోపు రైట్‌హ్యాండ్ డ్రైవ్ బండి తెప్పించుకోవాలనుకున్నా, ముందు చెప్పిన షరతులూ ఈ పన్నులూ దానికీ తప్పవు. తన ఆధీనంలో ఏడాది ఉన్న బండి కాకపోతే, తిరిగి వచ్చేవారికి ఉన్న దారి కూడా దానికి వర్తించదు. ఆయన వచ్చే వేసవికే రావాలనుకుంటున్నారు కాబట్టి అది జరిగే పని కాదని నా అభిప్రాయం. మీరు కాగితాల గురించి అడిగారు కాబట్టి, అర్హత ఉన్న కారుకు ఏమేమి కావాలో చెబుతాను. ఆ దేశపు రిజిస్ట్రేషన్ పత్రం, ఎగుమతి కోసం రిజిస్ట్రేషన్ రద్దు చేసినట్టు అక్కడి అధికారుల పత్రం, కొనుగోలు ఇన్‌వాయిస్, డబ్బు చెల్లించిన ఆధారం, ఓడ ఎక్కే ముందు చేయించిన తనిఖీ ధ్రువపత్రం, ఓడ సంస్థ ఇచ్చే రవాణా పత్రం (బిల్ ఆఫ్ లేడింగ్), బీమా, పాస్‌పోర్టు నకలు, ఆపైన ఇక్కడ పరీక్షా సంస్థ ఇచ్చే అనుమతి. అన్నీ అయ్యాక రవాణా శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫారం 20తో పాటు కస్టమ్స్ క్లియరెన్స్ పత్రం పెట్టాలి. అది లేకపోతే రిజిస్ట్రేషన్ జరగదు, 1989 మోటారు వాహనాల నియమాల్లో 47వ నియమం దాన్ని కోరుతుంది.

ఇక బావగారి ముందున్న దారుల్లో నాకు అన్నిటికన్నా సబబుగా తోచేది ఆ కారును మస్కట్‌లోనే అమ్మేయడం. దానికి కష్టం లేకపోలేదు. రెసిడెన్సీ రద్దుకు ముందే అమ్మాలి, చివరి వారంలో అమ్మబోతే కొనేవాడు ధర తొక్కేస్తాడు. బండి మీద బ్యాంకు రుణం ఉంటే అది తీర్చాక గాని ముల్కియా, అంటే అక్కడి బండి రిజిస్ట్రేషన్ కార్డు, మరొకరి పేరుకు మారదు. ఇప్పటి నుంచే మొదలుపెడితే మంచి ధర పలుకుతుంది. వచ్చిన రియాళ్లను బ్యాంకు ద్వారానే పంపమనండి. వెంటనే రూపాయల్లోకి మార్చడం ఇష్టం లేకపోతే, తిరిగి వచ్చి స్థిరపడినవారి కోసం ఉన్న ఆర్‌ఎఫ్‌సీ ఖాతాలో విదేశీ కరెన్సీగానే ఉంచుకోవచ్చు. ఆ సొమ్ముకు కొంత కలిపితే శ్రీకాకుళంలోనో విశాఖలోనో మంచి కారు కొత్తదే వస్తుంది, దాని సర్వీసుకు ముంబయి పరుగెత్తే పని ఉండదు.

‘అయితే ఇక్కడే ఎవరైనా తెప్పించిన ఫారిన్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొందాం’ అని ఆయన అనవచ్చు. అది చట్టవిరుద్ధం కాదు గాని, మొదటి బిల్ ఆఫ్ ఎంట్రీ చూడకుండా, దాని మీది చాసిస్ నంబరును బండి మీద చెక్కిన నంబరుతో అంకె అంకె సరిచూడకుండా ఒక్క రూపాయి ఇవ్వవద్దు. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వారు భూటాన్ మీదుగా దొంగదారిన వచ్చాయంటూ ఎన్నో ఖరీదైన కార్ల కోసం సోదాలు జరిపినప్పుడు, వేరే రాష్ట్రాల్లో చక్కగా ఆర్‌సీలు ఉన్న బళ్లు కూడా ఆ జాబితాలోకి వచ్చాయి. ఆర్‌సీ ఉన్నంత మాత్రాన దిగుమతి సవ్యమని కాదు.

మీరు వెంటనే చేయవలసింది వేరే ఉంది. సంతకం చేసిన ఖాళీ లెటర్‌హెడ్లు ఏజెంటు చేతిలో ఉన్నాయి, మీరు పెట్టని ఆథరైజేషన్‌ను వాటి మీద అతనే టైపు చేయించుకోవచ్చు. అందుకని మీ ఐఈసీ మీద ఏ వాహనం దిగుమతికీ అనుమతి ఇవ్వడం లేదనీ, ఫలానా తేదీన ఇచ్చిన లెటర్‌హెడ్లు చెల్లవనీ, వాటిని వెనక్కి పంపాలనీ అతనికి స్పీడ్ పోస్టులో రాసి, రసీదు దాచుకోండి. అతని కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సు నంబరు అడగండి. 2018 నిబంధనల ప్రకారం బ్రోకరు తన క్లయింటు నుంచి అధికార పత్రం తీసుకోవాలి, ఐఈసీనీ చిరునామానూ సరిచూసుకోవాలి. అతను లైసెన్సు ఉన్న బ్రోకరు కాదని తేలితే, ఎవరి లైసెన్సు మీద పని చేయిస్తాడో కనుక్కుని వారికీ అదే ఉత్తరం పంపండి. కస్టమ్స్ వారి ఆన్‌లైన్ పోర్టల్ ఐస్‌గేట్, డీజీఎఫ్‌టీ పోర్టల్ పాస్‌వర్డులు మార్చండి. మీ కోడ్ మీద కొత్తగా ఏ బిల్లయినా దాఖలైందా అని కొన్ని నెలలు గమనిస్తూ ఉండండి. విశాఖలో మీ పనులు చూసే బ్రోకరుకు కూడా సంగతి చెప్పి ఉంచితే మంచిది.

అడ్వాన్సు మూడు లక్షలు పూర్తిగా వస్తాయని మీకు ఆశ పెట్టలేను. చట్టవిరుద్ధమైన పనికి కుదిరిన ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ అంటుంది, అందువల్ల కోర్టుకు వెళ్లి రాబట్టడం కష్టమవుతుంది. కారు ఇంకా మస్కట్‌లోనే ఉంది, పని మొదలు కాలేదు. కాబట్టి ఇప్పుడే, మర్యాదగానే, లిఖితపూర్వకంగా అడిగితే కొంతైనా తిరిగి వచ్చే అవకాశం ఉంది. కారు అక్కడి నుంచి ఓడ ఎక్కాక ఆ అవకాశమూ ఉండదు. బ్యాంకు బదిలీ వివరాలు, వాట్సాప్ సంభాషణలు ఏవీ చెరిపేయకండి. ఏజెంటు బెదిరింపులకు దిగితే ఆలస్యం చేయకుండా న్యాయవాదిని కలిసి, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి.

ఇక బావగారు. ఈ మాట అక్క ద్వారానో అమ్మ ద్వారానో చెప్పించకండి, నేరుగా ఆయనకే ఫోను చేయండి. శుక్రవారం సెలవు కదా, తీరికగా వింటారు. ‘నాకు భయంగా ఉంది’ అనే దగ్గర మొదలుపెట్టకండి. కారు తయారీ సంవత్సరం దగ్గర మొదలుపెట్టండి. మూడేళ్ల షరతు ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. మీరు కాదంటున్నందువల్ల కారు ఆగడం లేదనీ, ఆ కారుకు మన దేశంలోకి దారే లేదనీ ఆయనకు అర్థమైతే, తమ్ముడిలాంటి బావమరిది మొండిచేయి చూపాడన్న బాధ ఆయనకు చాలావరకు తగ్గుతుంది. పన్నెండు గంటల డ్యూటీలు చేసి కొనుక్కున్న బండిని వదులుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసునని కూడా చెప్పండి. ఊరిలో ఆ బండి దిగాలన్న కోరిక వెనక ఇన్నేళ్ల పరాయి దేశపు బతుకు ఉంది, దాన్ని చిన్నబుచ్చకండి.

ఆయన ఒప్పుకోకపోతే? కొన్నాళ్లు పలకరింపులు తగ్గవచ్చు, పండక్కి అక్క రాకపోవచ్చు. అది మీరు భరించవలసి వస్తుందని ముందే అనుకోండి. సంతకం పెడితే వచ్చే చిక్కులో మాత్రం మీతో పాటు బావగారు కూడా ఇరుక్కుంటారు. కాగితాల్లో ఉన్న పేరు మీదైనా, కారుకు అసలు యజమానిగా ఆయన కూడా చట్టం దృష్టిలో దిగుమతిదారే, తిరిగి వచ్చిన తొలి ఏడాదే నోటీసులు అందుకోవలసి వస్తుంది. అమ్మకు అర్థమయ్యేలా చెప్పవలసింది ఈ మాటే.

రుణం సంగతి కారుతో ముడిపెట్టకుండా వేరేగా తీర్చండి. ఆనాటి అయిదు లక్షల్లో ఇంకా ఇవ్వవలసింది ఉంటే, ఎప్పటిలోగా ఇస్తారో అదే ఫోనులో తేదీతో చెప్పండి. ఎప్పుడో తీర్చేసి ఉంటే, ఏజెంటు దగ్గర చిక్కుకున్న మూడు లక్షల్లో రానిదానికి అక్క నగలు విడిపించే భారం మీరు కొంత పంచుకుంటానని చెప్పవచ్చు. అలా చేయాలన్న నియమమేమీ లేదు, మీ వ్యాపారం తట్టుకోగలిగితేనే. నగల మీద వడ్డీ నెలనెలా పెరుగుతుంది కాబట్టి, ఆ లెక్క ఏజెంటు జవాబు కోసం ఆగకుండా ఈ వారమే బ్యాంకులో కనుక్కోండి.